గలగల ముందు, మ్యావ్ తర్వాత: కూడబలుక్కునే పిల్లలకు చప్పుళ్ల బొమ్మల పుస్తకం ఇంట్లోనే చేసుకోవడం

"మ్యావ్" చదవాలంటే బిడ్డకు ఎన్ని తెలియాలో చూడండి. మ తెలియాలి, దాని కింద య ఒత్తు తెలియాలి, దీర్ఘం తెలియాలి, చివర వ మీద పొల్లు తెలియాలి. "కొక్కొరోకో" ఇంకా మొండిది. ఒత్వం, ఒత్తు, ఓత్వం అన్నీ ఒక్క కోడి గొంతులోనే ఇరుక్కున్నాయి. అయినా అంగళ్లలో దొరికే చప్పుళ్ల పుస్తకాలు చాలావరకు పిల్లితోనో కోడితోనో మొదలవుతాయి. రెండేళ్ల బిడ్డ ఒళ్లో కూర్చుని వినడానికి వాటికి వంక పెట్టే పని లేదు. నాలుగైదేళ్ల పిల్లకాయలు వేలు పెట్టి కూడబలుక్కుని చదవడానికి మాత్రం అవి పనికిరావు. బొమ్మ చూసి "మ్యావ్" అంటారే గానీ అక్షరం వైపు కన్నెత్తి చూడరు.

ఇప్పుడు "జలజల" రాసి చూడండి. రెండే అక్షరాలు, మళ్లీ అవే రెండు. గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. అనగానే నీళ్లు కళ్లముందుకొస్తాయి. గలగల, గణగణ, టపటప, కరకర కూడా ఇలాంటివే. తెలుగులో చప్పుడు మాటల్లో సగానికి సగం మొదటి వాచకం కోసం ఎవరో కూర్చిపెట్టినట్టు ఉంటాయి. రెండక్షరాలు నేర్చుకుంటే నాలుగక్షరాల మాట చదివేసిన గర్వం బిడ్డకు దక్కుతుంది. ఆ గర్వమే తర్వాతి పుట తిప్పిస్తుంది.

అందుకే ఈ పుస్తకాన్ని జంతువుల వరసలో కాకుండా గుణింతం వరసలో కట్టాలి. మూడు పుస్తకాలు చేసుకుందాం. మొదటిది ఒట్టి తలకట్టు మాటలతో, రెండోది గుడి, కొమ్ములతో, మూడోది పొల్లు, సున్న, ఒత్తులతో. మొదటిదాన్ని ఎలా చేయాలో పూసగుచ్చినట్టు చెబుతాను. అది చేతికొస్తే మిగతా రెండూ సులువే.

1. ముందు చెవులకు పని పెట్టండి

కాగితం, కత్తెర తీయకముందే బిడ్డను వెంటబెట్టుకుని ఒక పూట చప్పుళ్లు ఏరుకు రండి. తిరుపతిలో ఉంటే వీటికి కొదవ లేదు. గోవిందరాజస్వామి గుడి దగ్గర గంట, రేణిగుంట వైపు రైలు, కొండకు పోయే బస్సు గేరు మార్చిన చప్పుడు, అలిపిరి దగ్గర కొబ్బరికాయలు పగలడం, టీ అంగట్లో గిన్నె మరగడం. కపిలతీర్థానికి పోవాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల రోజుల్లో పోండి. కొండ మీద నుంచి నీళ్లు దూకేటప్పుడు చూసిన బిడ్డకు "జలజల" ఎవరూ వివరించక్కర్లేదు. ఎండాకాలంలో అక్కడ ఆ హోరు ఉండదు.

చిత్తూరు పల్లెల్లో ఉంటే సరుకు వేరే. బెల్లం వండే గానుగ దగ్గర చెరకు పాలు కుతకుత ఉడకడం, మామిడి తోటలో కాయలు కిందపడడం, బోరు నీళ్లు కాలవలోకి దూకడం, మేకలు ఎండుటాకులు తొక్కడం.

బిడ్డ ఏ చప్పుడుకు ఏ మాట అంటుందో దాన్నే రాసుకోండి. మీకు "టపటప" అనిపించింది బిడ్డకు "పటపట" అనిపించవచ్చు, దిద్దొద్దు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇళ్లల్లో అరవం కూడా నడుస్తుంది. కుప్పం వైపు అరవంతో పాటు కన్నడం కూడా వినిపిస్తుంది. అలాంటి ఇళ్ల పిల్లకాయలు తెలుగు బడిలో మొదట నోరు మెదపడానికి జంకుతారు. చప్పుడు మాటలతో మొదలుపెడితే ఆ జంకు తగ్గుతుంది. గంట మోగితే ఏ భాషవాళ్ల చెవికైనా అదే గంట.

2. ఎనిమిది మాటలు ఎంచుకోవడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. బొమ్మలు ఎంత బాగా వేసినా, మాటల ఎంపిక తప్పితే పుస్తకం మళ్లీ "మ్యావ్" దగ్గరికే పోతుంది. మొదటి పుస్తకానికి నేను పెట్టే మాటలు ఇవి:

గలగల, జలజల, గణగణ, టపటప, కరకర, సలసల, గబగబ, దడదడ.

మాటలు ఎనిమిది. వాటిలో అక్షరాలు లెక్కపెడితే పన్నెండే: గ, ల, జ, ణ, ట, ప, క, ర, స, బ, ద, డ. గ మూడు మాటల్లో, ల మూడు మాటల్లో వస్తాయి. కొత్త అక్షరం పక్కనే పాతది కనిపిస్తే బిడ్డకు ధైర్యం. గలగల తర్వాత జలజల పెట్టింది అందుకే. అక్కడ ల పాత చుట్టమే, జ ఒక్కటే కొత్తది. గణగణలో ణ కొత్త. టపటపలో మాత్రం రెండూ కొత్తవే. అప్పటికి ఆట అర్థమై ఉంటుంది గనక ఫర్వాలేదు. దడదడ చివర్న పెట్టాలి. ద, డ చూపుకూ పలుకుకూ దగ్గరదగ్గరగా ఉంటాయి, మొదట్లోనే పెడితే బిడ్డ తికమకపడుతుంది.

మీరు వేరే మాటలు వేసుకోవాలనుకుంటే చకచక, పకపక, బరబర, జరజర, తపతప, చటచట, పరపర, టకటక, రపరప, వలవల ఉన్నాయి. రెండు సంగతులు మాత్రం మరవొద్దు. ఒకటి, ఘ, భ, ధ లాంటి ఒత్తి పలికే అక్షరాలను మొదటి పుస్తకంలోకి రానీయొద్దు. ఘలఘల, భగభగ, ధనధన చెవికి బాగుంటాయి. అయితే మన ఇళ్లల్లో మాట్లాడేటప్పుడు ఘ, భ గట్టిగా పలికేవాళ్లు తక్కువ. వినిపించని తేడాను కంటితో పట్టుకోమంటే బిడ్డకు కష్టం. రెండు, గ ఉన్న పుస్తకంలో శ, ప ఉన్నదాంట్లో ఫ, ష పెట్టొద్దు. ఆకారాలు కలిసిపోతాయి.

ఒక చిన్న విషయం పెద్దవాళ్లు చాలామంది గమనించరు. గ, ప, క, ర, స, ద, డ మీద టిక్కు పెట్టినట్టు తలకట్టు ఉంటుంది. జ, ల, ట, ణ, బ మీద ఉండదు. జలజల మొత్తం మీద ఒక్క తలకట్టు కూడా కనిపించదు. రాయడం నేర్చేటప్పుడు పిల్లకాయలు ల మీద కూడా టిక్కు పెట్టేస్తుంటే అది నిర్లక్ష్యం కాదు, అక్షరానికి తలకట్టు పెట్టాలని మీరు చెప్పిన నియమాన్ని పాటిస్తున్నారంతే.

3. పుటల లెక్క

ఏ4 కాగితాలు నాలుగు తీసుకుని మధ్యకు మడిచి ఒకదాంట్లో ఒకటి పెడితే పదహారు పుటలు వస్తాయి. అట్ట వేరేగా. మన మాటలు ఎనిమిది, ఒక్కోదానికి రెండు పుటలు, లెక్క సరిపోయింది.

బేసి పుటలో, అంటే కుడిచేతి వైపు, మాట ఒక్కటే పెద్దగా రాయాలి. దాన్ని తిప్పితే వెనక సరి పుటలో బొమ్మ. మాట ముందు, బొమ్మ తర్వాత. ఈ వరస ఎట్టి పరిస్థితుల్లోనూ మారొద్దు. మాటా బొమ్మా ఒకే చోట పెడితే కన్ను బొమ్మ మీదికే పోతుంది, బిడ్డ చదవదు, ఊహిస్తుంది. "గణగణ" చదివాక "ఏముంటుంది వెనక?" అనే ఆత్రంతో పుట తిప్పడంలోనే ఆట ఉంది.

పుటలు విడివిడిగా గీసి అంటించకుండా నేరుగా కాగితాల మీదే గీసేటట్టయితే, మడిచాక ఏది ఎక్కడికి పోతుందో తికమక అవుతుంది. పక్కపక్కన వచ్చే రెండు పుటల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. పై కాగితం ఒకవైపు 16, 1. వెనకవైపు 2, 15. రెండో కాగితం 14, 3. వెనక 4, 13. మూడోది 12, 5. వెనక 6, 11. లోపలిది 10, 7. వెనక 8, 9. రఫ్ కాగితాల మీద అంకెలు వేసి ఒకసారి మడిచి చూసుకుంటే అసలు కాగితాలు పాడుకావు.

4. కాగితం, అక్షరం, బొమ్మ

మామూలు జిరాక్స్ కాగితం వద్దు, వెనక బొమ్మ ముందుకు కనిపించి గుట్టు బయటపడుతుంది. కాస్త మందంగా ఉండే డ్రాయింగ్ కాగితం చాలు. అట్టకు పెళ్లి శుభలేఖలు భేషుగ్గా పనికొస్తాయి. ముహూర్తాల కాలంలో ప్రతి ఇంట్లో పది శుభలేఖలు పోగుపడి ఉంటాయి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్క కత్తిరించి పక్కన పెడితే ఇంట్లో పెద్దవాళ్లు సణగరు. పాత క్యాలెండర్లు కూడా వాడొచ్చు, బంగారు అంగడివాళ్లవో ఫైనాన్స్ వాళ్లవో అయితే. శ్రీవారి క్యాలెండర్ మీద కత్తెర పెట్టాలంటే తిరుపతి ఇళ్లల్లో ఎవరికీ మనసొప్పదు, పెట్టనూ వద్దు.

అక్షరం ఎత్తు కనీసం మూడు సెంటీమీటర్లు ఉండాలి. నల్లటి స్కెచ్ పెన్నుతో గుండ్రంగా, సాదాగా రాయండి. "గ ల గ ల" అక్షరాల మధ్య వేలు పట్టేంత ఎడం ఇవ్వండి. సినిమా పోస్టరులా సొగసులు, నీడలు వద్దు. కంప్యూటరులో అచ్చు తీసేటట్టయితే మండలి, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి, రెంటినీ పెద్ద సైజులో పెట్టి చూసి మీ బిడ్డ బడి పుస్తకంలోని అక్షరానికి దగ్గరగా ఉన్నదాన్ని వాడండి.

చప్పుడు పెద్దదైతే అక్షరం పెద్దగా, చిన్నదైతే చిన్నగా రాయొచ్చు. కపిలతీర్థం పుటలో మొదటి "జల" పుట నిండా, రెండో "జల" అందులో సగం. బిడ్డ తనంతట తానే మొదటిది అరుస్తుంది, రెండోది గుసగుసలాడుతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్షరాన్ని వంకరటింకరగా సాగదీయడం మాత్రం మొదటి పుస్తకంలో వద్దు. ఆకారం ఇంకా కుదురుకోలేదు కదా.

బొమ్మల విషయంలో శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లను చూసి ఒకటి నేర్చుకోవచ్చు. వెదురు కలంతో ముందు నల్లటి గీత గీస్తారు. ఆ నలుపు బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిందే. ఆ తర్వాతే మిగతా రంగులు. ఎంత చిన్న బొమ్మయినా ఆ గీత వల్ల దూరం నుంచే తెలుస్తుంది. మీరూ అంతే. ముందు మందంగా నల్లగీత, లోపల రెండు మూడు రంగులు. ఒక పుటలో చప్పుడు చేసే వస్తువు ఒక్కటే ఉండాలి. గంట బొమ్మ పక్కన కోతి, కొబ్బరికాయ, పూలబుట్ట గీస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుందే గానీ "గణగణ" ఎవరిదో తెలియదు. గీయడం రాదని వెనకాడేవాళ్లు ఫోనులో ఫొటో తీసి అచ్చు తీయించి, కిటికీ అద్దానికి ఆనించి కాగితం మీదికి దించుకోవచ్చు.

బొమ్మ పుటలో అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాయండి. అది పెద్దవాళ్లు చదవడానికి. నా పుస్తకంలో ఇలా ఉంటాయి:

గలగల: అవ్వ చేతి గాజులు.
జలజల: కపిలతీర్థం నీళ్లు.
గణగణ: గుళ్లో గంట.
టపటప: రేకుల ఇంటి మీద వాన.
కరకర: ఉప్పూకారం అద్దిన తోతాపురి మామిడి ముక్క.
సలసల: పొయ్యి మీద ఎసరు.
గబగబ: కొండ మెట్లెక్కే చిన్నోడు.
దడదడ: వంతెన మీద రైలు.

గబగబ నిజానికి చప్పుడు కాదు, నడక తీరు. అయినా వదల్లేదు. అలిపిరి మెట్లు 3,550 అంటారు, మొదటి వంద మెట్లు గబగబ ఎక్కేసి ఆ తర్వాత నాయన భుజమెక్కని పిల్లకాయ తిరుపతిలో ఉండడు. ఆ పుట రాగానే నవ్వు ఖాయం.

5. కుట్టు

స్టేప్లర్ పిన్నులు వద్దు, ఊడితే నోట్లోకి పోతాయి. పూలు కట్టే నూలు దారం రెండు పేటలు చేసి, కొవ్వొత్తి మైనం రుద్ది వాడండి. మడత గీత మీద మూడు చోట్ల సూదితో రంధ్రాలు చేయండి: నడుమ ఒకటి, పైకొసకూ కిందికొసకూ దగ్గరగా ఒక్కోటి. లోపలి నుంచి నడిమి రంధ్రంలో సూది గుచ్చి బయటికి తీయండి. బయటి నుంచి పై రంధ్రంలోకి. లోపల నడిమిదాన్ని దాటేసి కింది రంధ్రం గుండా బయటికి. మళ్లీ బయటి నుంచి నడిమి రంధ్రంలోకి. ఇప్పుడు రెండు దారం కొసలు లోపలే ఉంటాయి. పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి వచ్చేలా లాగి ముడి వేయండి. అట్టను కూడా కలిపి కుడితే గట్టిగా ఉంటుంది. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే పుటలు త్వరగా నలగవు.

పుటలకు చేతికి తగిలే చప్పుడు కూడా జోడించాలనుకుంటే డబ్బా అట్టలోని గీతల పొర ఒక ముక్క అంటించండి. గోటితో గీరితే "బరబర" పలుకుతుంది. బటర్ పేపరు ముక్క "పరపర"కు పనికొస్తుంది. చింతగింజలు, గజ్జెలు, పూసలు అంటించొద్దు, చిన్నపిల్లలున్న ఇంట్లో అవి గొంతుకు అడ్డంపడతాయి.

మీట నొక్కితే మోగే బ్యాటరీ పుస్తకాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాటిలో మాట పలికేది పుస్తకం, బిడ్డ కాదు. మీట ఎక్కడుందో తెలిస్తే చాలు, అక్షరంతో పనే లేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే పారేయనక్కర్లేదు. ఒకటి మాత్రం జాగ్రత్త. లోపల ఉండే గుండీ బ్యాటరీని బిడ్డ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్న పుస్తకమే కొనండి. బ్యాటరీ కనిపించకుండా పోయి, మింగి ఉంటుందని అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి పోండి, చూద్దాంలే అని ఆగొద్దు.

6. చదివించడం

మొదటి రెండు మూడు సార్లు మీరే చదవండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, చూపుడువేలు అక్షరం కింద పెట్టి, గ దగ్గర "గ", ల దగ్గర "ల" అంటూ జరపాలి. అక్షరం కింద వేలు, పైన కాదు. పైన పెడితే తలకట్టు కనిపించదు. తెలుగులో ఒక్కో అక్షరం ఒక్కో పలుకు గనక వేలుకు ఒక చప్పట్లు జోడించవచ్చు. గ, చప్పట్లు. ల, చప్పట్లు. నాలుగు చప్పట్లకు మాట పూర్తి. ఆ తర్వాత వేగం పెంచి "గలగల" అని కలిపేయాలి. విడగొట్టడం, కలపడం, ఈ రెండూ వచ్చాయంటే చదువు వచ్చినట్టే.

అవ్వా మనవడూ చదువుతుంటే మాటలు ఇలా నడుస్తాయి:

"ఏమి సద్దురా అది?"
"గ... ల... గలగల!"
"ఏవిరా గలగలమనేది?"
"తిప్పు అవ్వా, తిప్పు!" (తిప్పాక) "నీ గాజులే!"
"నా గాజులు యాడ గలగలమంటాయి, రెండే ఉండాయి కదరా."

ఇక్కడ అవ్వ "ఇదేమి అక్షరం చెప్పు" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ప్రశ్న పడగానే పుస్తకం పరీక్ష అయిపోతుంది, బిడ్డ లేచి పోతుంది. "ఏమి సద్దు" అంటే మాత్రం జవాబు చెప్పడానికి అక్షరం చూడక తప్పదు. రెండు ప్రశ్నల పనీ ఒక్కటే, రుచి వేరు.

నాలుగైదు సార్లయ్యాక బిడ్డ వరస కంఠతా పట్టేస్తుంది. ఇది గలగల, ఇది జలజల అని చూడకుండా అప్పజెబుతుంది. కోప్పడొద్దు, అదీ ఒక మెట్టే. ఇప్పుడు పుస్తకాన్ని నడిమి నుంచి తెరవండి. లేదా మధ్య పుట ఒకటి దాటేయండి. జలజల తర్వాత గణగణ రావాల్సింది టపటప వస్తే బిడ్డ ఆగి, కిందికి చూస్తుంది. చదవడం ఆ చూపులోనే మొదలవుతుంది. తప్పు చదివినా సరిదిద్దకుండా పుట తిప్పండి. "గణగణ" అని చదివి తిప్పితే వాన బొమ్మ కనిపిస్తుంది, పుస్తకమే దిద్దుతుంది.

అదయ్యాక పన్నెండు అక్షరాలనూ చిన్న అట్టముక్కల మీద రాయండి. వాటితోనే గడప, పలక, జడ, గద, కల, పడగ, జలగ, కలప, కడప వస్తాయి. తల్లో జడ, ఇంటి గడప, ఊరి పేరు కడప. చప్పుడు పుస్తకంలో నేర్చిన అక్షరాలు బయట మాటల్లో కూడా పలుకుతాయని బిడ్డకు తెలిసే చోటు ఇది. ఈ మెట్టు దాటకుండా రెండో పుస్తకానికి పోవద్దు.

మన వైపు చాలా ఇళ్లల్లో నాయన కువైట్‌లోనో, బెంగళూరులోనో ఉంటాడు. ఆయన గొంతుతో ఎనిమిది మాటలూ వాట్సాప్‌లో పంపమనండి. బిడ్డ ఒక్కో మాట విని, ఆ పుట వెతికి పట్టాలి. పుస్తకం వరసలో కాకుండా కలగాపులగంగా పంపితేనే ఆట.

7. రెండో పుస్తకం: మడత తిప్పితే మారే చప్పుడు

తలకట్టు మాటల్లో ఒక్క గుర్తు మార్చితే ఇంకో చప్పుడు పుడుతుంది. గలగల, గిలగిల, గులగుల. మొదటిది గాజులు, రెండోది గట్టున పడ్డ చేప, మూడోది దురద పెట్టే చెవి. ల మారలేదు, గ మాత్రమే వేషం మార్చింది. గుణింతం మొత్తం వల్లె వేయించినా రాని సంగతి ఈ మూడు మాటలతో అర్థమైపోతుంది.

దీన్ని మడతల పుస్తకంగా చేయండి. పుట మీద "గ ల గ ల" పెద్దగా రాయండి. రెండు గ అక్షరాల మీదా అంతే కొలత ఉన్న చిన్న కాగితపు తలుపులు, పై అంచున మాత్రమే జిగురుతో అంటించండి. మొదటి తలుపు మీద "గి", దాని పైన ఇంకో తలుపు, దాని మీద "గు". రెండు చోట్లా అలాగే. గుడి గుర్తు ఒక్కటే వేరే ముక్క మీద రాసి అంటిద్దాం అనుకుంటే కుదరదు. గుడి వచ్చినప్పుడు తలకట్టు పోతుంది, గ మీద టిక్కు ఉంచి గుడి పెడితే అక్షరమే తప్పు. అందుకే అక్షరం మొత్తాన్నీ కప్పే తలుపు కావాలి. బొమ్మకూ అలాగే రెండు తలుపులు.

ఇలాంటి జతలు చాలా ఉన్నాయి: మలమల (ఎండ), మిలమిల (చుక్కలు). వలవల (ఏడుపు), విలవిల (నొప్పి). గడగడ (చలికి వణుకు), గుడగుడ (ఆకలికి కడుపు). చరచర (నడక), చురచుర (కోపం చూపు). జతలు ఒకటి రెండు అయ్యాక విడిగా కిలకిల, కుతకుత, బుసబుస, గుసగుస కూడా చేర్చుకోవచ్చు. గుసగుస పుట మాత్రం తప్పకుండా ఉండాలి. చెవి దగ్గర నోరు పెట్టి చదవాలని నియమం పెట్టండి.

8. మూడో పుస్తకం: ఇప్పుడు పిల్లి, కోడి

కావ్ కావ్, టంగ్ టంగ్, అంబా, ఢం ఢం, మ్యావ్, చివరికి కొక్కొరోకో. ముందు పొల్లు మాటలు, తర్వాత సున్న, చివర్న ఒత్తులు. ఫోనులోనో కంప్యూటరులోనో టైపు చేసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పొల్లు తర్వాత ఖాళీ వదలకపోతే "కావ్ కావ్" కాస్తా "కావ్కావ్" అయి, రెండో క ఒత్తుగా మారి కిందికి జారిపోతుంది.

తిరుపతి బిడ్డకు ఈ పుస్తకం ఊరి పుస్తకం కావాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసిన పిల్లకాయలకు పలకలు, పంబ లాంటి వాద్యాల చప్పుడు, ఒక్కో రోజు ఒక్కో వేషం బాగా గుర్తుంటాయి. బైరాగి వేషం, దొర వేషం గీసి పక్కన ఢం ఢం రాస్తే సగం పుస్తకం నిండుతుంది. గోవింద నామం కూడా ఇక్కడే పెట్టండి. కొండ మెట్ల మీద ఒకరు "గోవిందా" అంటే మిగతావాళ్లు "గోవింద" అని అందుకుంటారు కదా. ఒకరు పలకడం, అందరూ బదులివ్వడం బిడ్డకు ముందే అలవాటు. పుస్తకంలో ప్రతి మూడో పుటకు ఆ మాట ఒకటి పెడితే ఇంటిల్లిపాదీ గొంతు కలుపుతారు. ఓత్వం, గుడి, సున్న, దీర్ఘం నాలుగూ అందులోనే ఉన్నాయి. తిరుపతిలో పుట్టి లడ్డు చదవడానికి మూడో పుస్తకం దాకా ఆగాలా అని అలిగే పిల్లకాయలుంటారు. ఏం చేస్తాం, డ కింద డ ఒత్తు అడ్డం!

9. బడిలో, అంగన్‌వాడీలో చేసేటట్టయితే

ఇరవై మంది ఉన్న చోట ఏ4 పుస్తకం వెనక వరసకు కనిపించదు. చార్టు కాగితాన్ని సగానికి కోసి, అక్షరం అరచేతి అంత రాయండి. పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకోకుండా పక్కకు పట్టుకోండి. పిల్లలు మీ పెదవులు కూడా చూడాలి. తరగతిని నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపుకు రెండు మాటలు పంచేయండి. పుట తెరిచి మీరు నోరు విప్పకుండా ఉండండి. ఎవరి మాటో వాళ్లే గుర్తుపట్టి అరవాలి. గొంతులు హోరెత్తుతాయి, పక్క గది టీచరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇవి కాక చదవడానికి ఇంకా బొమ్మల పుస్తకాలు కావాలంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, దించుకుని అచ్చు తీసుకోవచ్చు. హైదరాబాదులో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, చెన్నై తూలిక ప్రచురణల వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. కొనేముందు పుస్తకం తెరిచి ఒక పుటలో ఎన్ని ఒత్తులున్నాయో లెక్కపెట్టండి. మూడుకు మించితే అది ఇప్పటికి మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం. ఒకటో రెండో ఉంటే బిడ్డ చేతికివ్వండి.